ఆఖరి సీటు నుంచి లెక్క మొదలుపెట్టండి

పెళ్లి భోజనం ఎలా ఉందో మొదటి బంతిలో తిన్నవాళ్లని అడిగితే అసలు సంగతి తెలియదు. ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్లని అడగాలి. గుత్తివంకాయ అందిందా, పెరుగు పలచబడిందా, లేవమని ఎవరైనా తొందరపెట్టారా అన్నది వాళ్లే చెప్పగలరు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని సామెత. నిజమే. కానీ జీవితంలో చాలా ఏర్పాట్లకు వడ్డించేవాడంటూ ఎవరూ ఉండరు. ఎవరికి ఏ చోటు దొరికితే వాళ్ల వాటా అంతే.

అందుకే నలుగురికి సంబంధించిన ఏ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినా ఒక అలవాటు చేసుకోమంటాను. మంచి చోటు ఎంత బాగుందో తర్వాత చూడవచ్చు. అన్నిటికన్నా చెడ్డ చోటు ఏది, అది ఎవరికి దక్కబోతోంది అన్నది ముందు చూడండి. ఇది సూక్తిలా గోడకి అంటించుకుంటే పనికిరాదు, లెక్కలా వేసుకుంటేనే పనికొస్తుంది. ఆ లెక్క ఎలా వేయాలో నేర్పే గురువు ఒక కారు. ఇటలీలో పుట్టింది, మన దేశంలో అమ్మకానికి రాలేదు, చూసినవాళ్లలో సగం మంది నవ్వారు. పేరు ఫియట్ మల్టిప్లా.

మూడో వరుసలో ఎవరు కూర్చుంటారు?

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, తాతయ్య, నాయనమ్మ. మొత్తం ఆరుగురు. బడ్జెట్ అంతంతమాత్రం, ఇంటి ముందు సందు ఇరుకు. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు "సెవెన్ సీటర్ సార్, ఫ్యామిలీ అంతా హాయిగా వెళ్లొచ్చు" అంటాడు. ఇంట్లో కారు నడిపే మనిషి స్టీరింగ్ ముందు కూర్చుని చూస్తారు. రెండో మనిషి పక్క సీట్లో కూర్చుని ఏసీ, స్క్రీన్ చూస్తారు. ఇద్దరికీ నచ్చుతుంది, అడ్వాన్స్ కట్టేస్తారు.

తర్వాత ఎప్పుడో తిరుమల ప్రయాణం పడుతుంది. మూడో వరుసలోకి వెళ్లాలంటే రెండో వరుస సీటు మడిచి, ఆ సందులోంచి వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ వల్ల కాదు. తాతయ్యను వెళ్లమనడానికి నోరు రాదు. కాబట్టి పిల్లలు వెళతారు. మూడో వరుస వెనక చక్రాల దగ్గర ఉంటుంది, గతుకు పడితే ఎగిరేది అక్కడే. అద్దం చిన్నది, రోడ్డు కనబడదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. పిల్లలు కూర్చున్నాక వెనక డిక్కీలో మిగిలేది గుప్పెడు చోటు. బ్యాగులు ఒళ్లోకి వస్తాయి. కారు చెడ్డదేమీ కాదు. కొనేటప్పుడు అందరూ ముందు సీట్ల నుంచి చూశారు, వెనక సీట్ల నుంచి ఎవరూ చూడలేదు.

ఇక్కడ కొలతలు కొన్ని తెలుసుకోవాలి. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ ఇంజిన్ 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటని కారుకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటి కార్లకు జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. అందుకే మన మార్కెట్‌కు కారు గీసేవాళ్లందరూ ఆ నాలుగు మీటర్ల గీత దగ్గరే తంటాలు పడతారు. 2019లో వచ్చిన రెనో ట్రైబర్ పొడవు 3,990 మిల్లీమీటర్లు. గీతకి ఒక్క సెంటీమీటర్ ఇవతల. అందులో మూడు వరుసల్లో ఏడు సీట్లు పెట్టారు. ఏడూ వేసుకుంటే వెనక సామాను చోటు 84 లీటర్లు. మూడో వరుస ఊడదీసి ఇంట్లో పెట్టి వెళితే 625 లీటర్లు. తెలివైన ఏర్పాటే, దాని సంగతి మళ్లీ వస్తుంది. కానీ మనుషులు ఎక్కితే సామాను దిగాలి, సామాను ఎక్కితే మనుషులు దిగాలి అన్న బేరం మాత్రం తప్పలేదు. పొడవు పెరగకుండా వరుసలు పెంచితే ఎవరి చేతిలోనైనా ఇంతే జరుగుతుంది.

అదే నాలుగు మీటర్లు, ఇంకో లెక్క

ఫియట్ కంపెనీ ఊరు ఇటలీలోని టూరిన్. అక్కడివాళ్లు 1998లో విడుదల చేసిన మల్టిప్లా పొడవు 3,994 మిల్లీమీటర్లు. మన పన్ను గీతతో వాళ్లకు సంబంధమే లేదు, అయినా యాదృచ్ఛికంగా గీతకి ఇవతలే నిలిచింది. కంపెనీ సొంత హ్యాచ్‌బ్యాక్ బ్రావో కన్నా కూడా ఇది పొట్టి. అందులో ఆరుగురికి సీట్లు, ఆరు సీట్లూ నిండాక కూడా వెనక 430 లీటర్ల సామాను చోటు. ఇందాకటి 84తో పోల్చుకోండి, ఐదు రెట్లు. సీటు ఒకటి తక్కువే, కానీ ఇంట్లో ఉన్నది ఆరుగురే కదా.

ఎలా కుదిరింది? వాళ్లు మూడో వరుసే పెట్టలేదు. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు. అంతే.

ఇలా చెబితే చాలా తేలిక పని అనిపిస్తుంది. మనవాళ్లకు కొత్త కూడా కాదు. అంబాసిడర్‌లో ముందు ఒకటే పొడుగు సీటు, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండేది కాబట్టి డ్రైవర్ పక్కన ఇద్దరు కూర్చునేవారు. పాత ప్రీమియర్ పద్మినిలోనూ అదే ఏర్పాటు. ఆ పద్మిని అసలు ఫియట్ 1100 కారే, బొంబాయిలో లైసెన్సు మీద తయారయ్యేది. కాకపోతే అప్పటి పొడుగు సీటులో మధ్యవాడంటే ఇరుక్కుని కూర్చునేవాడు. మల్టిప్లాలో మధ్యవాడికి విడి సీటు, విడి బెల్టు ఇచ్చారు. ఆరుగురూ టికెట్టు కొన్న ప్రయాణికులే, ఎవరూ "కాస్త సర్దుకో బాబూ" లెక్కలోకి రారు.

అలవాటు మీద పోతున్న చోటు

మామూలు కారులో ముందు రెండు సీట్ల మధ్య ఏముంటుంది? గేర్ రాడ్, హ్యాండ్ బ్రేక్, రెండు గ్లాసులు పెట్టుకునే గుంటలు, చిల్లర వేసుకునే అర. ఒక మనిషి కూర్చోగల చోటులో చాలా భాగం వీటికే పోతోంది. ఎందుకని ఎవరూ అడగరు, ఎప్పుడూ అక్కడే ఉంటున్నాయి కాబట్టి. మల్టిప్లా గీసినవాళ్లు అడిగారు. గేర్ రాడ్‌ను డ్యాష్‌బోర్డు మీదికి ఎక్కించారు. హ్యాండ్ బ్రేక్‌ను డ్రైవర్ సీటుకూ తలుపుకూ మధ్యకు నెట్టారు. మీటర్లను డ్యాష్‌బోర్డు నడిమధ్యకు తెచ్చారు. నేల చదునుగా ఉంచారు. పక్క గోడలను పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంచకుండా దాదాపు నిటారుగా నిలబెట్టారు, భుజాలకు చోటు రావాలని. ముందు మధ్య సీటులో ఎవరూ లేనప్పుడు దాని వీపు మడిస్తే బల్ల అవుతుంది. వెనక మూడు సీట్లూ దేనికది విడిగా తీసేయవచ్చు.

ఫియట్‌కి ఈ అలవాటు అంతకుముందే ఉంది. 1956లో మొదటి మల్టిప్లా వచ్చింది. దాంటే జాకోజా అనే ఇంజనీరు చిన్నకారు ఫియట్ 600ను తీసుకుని దాన్ని ఆరుగురి బండిగా మార్చాడు. ఆ కారు ఇంజిన్ వెనక ఉంటుంది. అలాంటప్పుడు ముందు బానెట్ ఎందుకని, డ్రైవర్‌ను జరిపి ముందు చక్రాల మీద కూర్చోబెట్టాడు. దాంతో మూడున్నర మీటర్ల బండిలో ఇద్దరేసి చొప్పున మూడు వరుసలు పట్టాయి. స్టెప్నీకి చోటు లేకపోతే ముందు కూర్చున్న ప్రయాణికుడి కాళ్ల ముందు నిలబెట్టాడు. ఇటలీ నగరాల్లో ఏళ్ల తరబడి అది టాక్సీగా తిరిగింది. 1956లో చోటు బానెట్ దగ్గర దొరికింది, 1998లో గేర్ రాడ్ దగ్గర దొరికింది. రెండుసార్లూ వేసుకున్న ప్రశ్న ఒకటే: ఇక్కడ అవసరం కొద్దీ ఉన్నదేది, అలవాటు కొద్దీ ఉన్నదేది?

ఈ ప్రశ్న మీరు కూడా రాసుకోండి. చోటు చాలడం లేదు, సమయం చాలడం లేదు, డబ్బు చాలడం లేదు అని అనిపించినప్పుడు మనం వెంటనే ఇంకొంచెం పొడవు కోసం వెతుకుతాం. ఇంకో గది, ఇంకో గంట, ఇంకో అప్పు. అంతకుముందు మధ్యలో ఏముందో చూడాలి. రోజూ తొమ్మిదిన్నరకు జరిగే మీటింగ్ ఎందుకు మొదలైందో ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం ఒక గది మొత్తం తాళం వేసి ఉంటుంది, ఇంటర్ చదివే పిల్ల హాల్లో టీవీ పక్కన కూర్చుని లెక్కలు చేస్తుంటుంది. ఆ ఇంట్లో చోటు లేక కాదు, ఉన్న చోటు అలవాటు చేతిలో ఉంది.

ఖరీదు ముందే ఒప్పుకోవాలి

ఇక్కడిదాకా చదివి మల్టిప్లా అద్భుతమని తీర్మానించకండి. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే మాటల్లో పెద్ద లోపం ఇదే, లాభం చెప్పి ఖరీదు దాస్తారు.

మొదటి ఖరీదు వెడల్పు. మల్టిప్లా వెడల్పు 1,871 మిల్లీమీటర్లు. ట్రైబర్ 1,739. తేడా 13 సెంటీమీటర్లు, రెండు బెత్తెలు కూడా ఉండదు. మనం రోడ్ల మీద రోజూ చూసే ఇన్నోవా హైక్రాస్ 1,850, అంటే దానికన్నా మల్టిప్లా రెండు సెంటీమీటర్లే ఎక్కువ, పొడవులో మాత్రం ముప్పావు మీటరు తక్కువ. అయినా ఇరుకు సందులో, పార్కింగ్‌లో ఆ రెండు బెత్తెలే కొంప ముంచవచ్చు. మీ గేటు కొలత తెలియకుండా ఈ తేడా చిన్నదా పెద్దదా అని ఎవరూ చెప్పలేరు.

రెండో ఖరీదు, ముందు మధ్యలో కూర్చున్నవాళ్లకు రెండు పక్కలా మనుషులే. భుజాలు తగులుతాయి. చంటిపిల్లలకు అది చోటు కాదు. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు బిగించడం ప్రాణాంతకం. పిల్లల చోటు వెనకే.

మూడో ఖరీదు అందం. లోపలి మనుషులను బట్టి బయటి ఆకారం గీశారు కాబట్టి కారు పొట్టిగా, వెడల్పుగా, గాజు పెట్టెలా తేలింది. ముందు అద్దం కింద ఒక మడత, ఆ మడతలో అదనంగా ఒక జత లైట్లు. చూసినవాళ్లు డాల్ఫిన్ అన్నారు, కప్ప అన్నారు. బ్రిటన్‌లో టాప్ గియర్ పత్రికవాళ్లు ఒక చేత్తో మంచి కుటుంబ కారు అని బహుమతి ఇచ్చారు, ఇంకో చేత్తో అందవికారమైన కారు అని బిరుదు ఇచ్చారు. అక్కడ అమ్మిన కార్లకు వెనక అద్దం మీద "ముందు వైపు చూసేదాకా ఆగండి" అనే అర్థం వచ్చే స్టిక్కర్ అంటించి కంపెనీయే తన మీద తాను జోకు వేసుకుంది. అదే సమయంలో, 1999లో, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ రాబోయే శతాబ్దపు కార్ల మీద పెట్టిన ప్రదర్శనలో మల్టిప్లాకు చోటిచ్చింది. ఒకే కారును ఒకరు మ్యూజియంలో పెట్టారు, ఒకరు నవ్వుకున్నారు. ఇద్దరూ చూసింది బయటి నుంచే. లోపల కూర్చున్న ఆరుగురి అభిప్రాయం వేరే లెక్క.

ముఖం మారింది, సీట్లు మారలేదు

2004లో ఫియట్ కంపెనీ ఒక మెట్టు దిగింది. ఆ మడత తీసేసింది, పై లైట్లు తీసేసింది, అందరి కార్లలాంటి ముఖం పెట్టింది. అభిమానులు నొచ్చుకున్నారు, ఉన్న ప్రత్యేకత కూడా పోయిందన్నారు. కానీ గమనించండి, లోపల ముగ్గురూ ముగ్గురూ కూర్చునే ఏర్పాటు ముట్టుకోలేదు. 2010లో ఇటలీలో తయారీ ఆగేదాకా అది అలాగే ఉంది. 1998 నాటి మల్టిప్లా గీసిన రాబర్టో జోలీతో సంగతి చూడండి. 2007లో జనం ముచ్చటపడి కొన్న ఫియట్ 500 రూపం కూడా ఆయన బృందం గీసిందే. అందమైన కారు గీయడం చేతకాక మల్టిప్లాను అలా గీయలేదని దాన్నిబట్టే తెలుస్తోంది. ఆ కారులో ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకుని గీశాడు.

నలుగురిలో బతికేవాడికి రాజీ తప్పదు. ఎక్కడ రాజీ పడాలో తెలియకపోవడమే అసలు చిక్కు. చాలామంది ముఖం కాపాడుకోవడానికి సీటు వదిలేస్తారు. పిల్ల పెళ్లిలో స్టేజీ అలంకారం తగ్గితే మాట పడాల్సి వస్తుందని దానికి లక్షలు పోసి, దూరం నుంచి వచ్చిన ముసలివాళ్లకు పడుకోవడానికి నాలుగు గదులు చూడరు. ఒక కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఒకవైపు ముఖం, ఒకవైపు సీటు. చేయబోయే పనిలో ఏ అంశం ఏ వరుసలోకి వస్తుందో రాయండి. ఎవరైనా ఒత్తిడి చేస్తే మొదటి వరుసలోంచి ఇవ్వండి. రెండో వరుస జోలికి రానివ్వకండి.

ఆఖరి సీటుకు నాలుగు మందులు

మల్టిప్లాదే ఏకైక జవాబు కాదు. అదే కాలంలో మిగతావాళ్లు అదే ప్రశ్నకు వేరే జవాబులు చెప్పారు. అవన్నీ కలిపి చూస్తే, చెడ్డ చోటు ఎదురైనప్పుడు మనం చేయగలిగినవి నాలుగని తేలుతుంది.

మొదటిది తీసేయడం. మల్టిప్లా చేసింది ఇదే, మూడో వరుస అనేదే లేకుండా చేసింది. ఆరుగురూ రోజూ కలిసి తిరిగే ఇంటికి ఇది మంచి మందు. ఖరీదు ఎక్కువ, ఎందుకంటే ఏర్పాటు మొత్తం మొదటి నుంచి గీయాలి.

రెండోది బాగుచేయడం. 2004లో హోండా కూడా ముగ్గురూ ముగ్గురూ కూర్చునే కారు తెచ్చింది. జపాన్‌లో ఎడిక్స్, యూరప్‌లో ఎఫ్ఆర్-వి. మధ్యవాళ్ల భుజాలు తగులుతాయన్న సమస్యను అది నేరుగా పట్టుకుంది. ముందు మధ్య సీటును 27 సెంటీమీటర్లు, వెనక మధ్య సీటును 17 సెంటీమీటర్లు వెనక్కి జరుపుకోవచ్చు. మధ్యవాళ్లు కాస్త వెనక్కి జరిగితే భుజాలు ఒకదాని వెనక ఒకటి పడతాయి. సీటు తీసేయలేకపోతే దాన్ని జరపగలమేమో చూడటం ఈ మందు.

మూడోది, అవసరమైనప్పుడే తెరవడం. 1999లో ఓపెల్ జఫీరా ఏడు సీట్లతో వచ్చింది, కానీ మూడో వరుస వాడనప్పుడు నేలలోకి మడిచేయవచ్చు. ట్రైబర్‌లో ఊడదీయవచ్చు. నెలకోసారి మాత్రమే ఆరుగురు ఎక్కే ఇంటికి ఇది చాలు. నెలకి ఒక గంట ఇరుకు కోసం మిగతా రోజులన్నీ వెడల్పు బండి తిప్పడం తెలివి కాదు. తర్వాత కాలంలో మార్కెట్ మొగ్గింది ఈ మందు వైపే. హోండా తన ముగ్గురూ ముగ్గురి కారును 2009లో ఆపేసింది.

నాలుగోది వంతులు వేయడం. చెడ్డ చోటు తప్పనప్పుడు, అది ఎప్పుడూ ఒకరికే దక్కకుండా చూడడం. ఇది కారు కంపెనీ చేయలేదు, మనమే చేయాలి. "ఎవరో ఒకరు అడ్జస్ట్ అవ్వాలి కదా" అన్న మాట మన ఇళ్లలో రోజూ వినబడుతుంది. అవ్వాలి, కాదనను. కానీ పదిసార్లూ అయ్యేది ఒకే మనిషి అయితే అది సర్దుబాటు కాదు, ఆ మనిషికి కేటాయించిన సీటు. వెళ్లేటప్పుడు వెనక కూర్చున్న పిల్లాడు వచ్చేటప్పుడు ముందు కూర్చోవాలి. చిన్న నియమం, కానీ చెప్పకపోతే ఎవరూ పాటించరు.

షోరూమ్‌కి వెళ్లే ముందు, వెళ్లాక

ఇక పనిలోకి దిగుదాం. మీరు నిజంగానే ఇంటిల్లిపాదికీ కారు కొనబోతుంటే ఈ వరుసలో చేయండి.

ఇంట్లో ఒక నెల పాటు లెక్క రాయండి. కారులో ఏ రోజు ఎంతమంది వెళ్లారు, లేదా కారు ఉంటే వెళ్లేవారు? ఐదుగురికి మించిన రోజులు ఎన్ని? వాటిలో ఊరు దాటినవి ఎన్ని? ఈ లెక్క చేతిలో లేకుండా ఐదు సీట్లా, ఆరా, ఏడా అని వాదించుకోవడం దండగ.

గేటు, సందు, పార్కింగ్ గీతల మధ్య వెడల్పు టేపు పెట్టి కొలవండి. బ్రోచర్‌లో రాసే వెడల్పులో సాధారణంగా సైడ్ అద్దాలు కలవవు. తలుపు తెరిచి పెద్దవాళ్లు దిగడానికి పక్కన ఎంత చోటు కావాలో కూడా కలుపుకోండి.

షోరూమ్‌కి అందరూ వెళ్లండి, ముఖ్యంగా అందరికన్నా పెద్దవాళ్లు, అందరికన్నా చిన్నవాళ్లు. డ్రైవర్ సీట్లో ఆఖరున కూర్చోండి. ముందు మూడో వరుసలోకి మీరే ఎక్కండి. మోకాళ్లు ఎక్కడున్నాయి, తల పైకప్పుకు తగులుతోందా, తొడల కింద సీటు ఆనుతోందా చూసుకోండి. అక్కడ పది నిమిషాలు కూర్చోండి. ఆ పది నిమిషాలు కూర్చోలేకపోతే మీ పిల్లలు నాలుగు గంటలు కూర్చోలేరు.

అన్ని సీట్లూ వేసి ఉంచి డిక్కీ తెరిపించండి. ఇంటి నుంచి మీరు ఊళ్లకు తీసుకెళ్లే పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూడండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ప్రతి సీటుకూ మూడు చోట్ల బిగిసే బెల్టు ఉందా, తల ఆనించుకునే దిండు ఉందా, వెనక వరుసకు ఏసీ గాలి అందుతుందా అడగండి. 14 ఏళ్ల లోపు పిల్లలు బెల్టుతోనో పిల్లల సీటుతోనో ఉండాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. "వెనక కూర్చున్నవాళ్లకి బెల్టు ఎందుకులే సార్" అనేవాళ్ల మాట వినకండి.

టెస్ట్ డ్రైవ్‌లో కనీసం ఒక స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు మీరు ఆఖరి వరుసలో ఉండండి. స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి.

చివరగా, వచ్చాక ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి, అందరి ముందు కాదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు అందరి ముందు "నాకేం ఇబ్బంది లేదు నాయనా" అనే అంటారు.

కారు దిగాక కూడా

ఈ లెక్క నేర్చుకున్నాక మిగతా చోట్ల కూడా అప్రయత్నంగా కళ్లు ఆఖరి సీటు వైపు వెళతాయి. ఫ్లాట్ కొనేవాళ్లు హాల్లో నిలబడి కిటికీలోంచి చూస్తారు. ఆ ఇంట్లో ఆఖరి సీటు వంటగది. వంట చేసే మనిషి అక్కడ రోజూ గంటల తరబడి నిలబడుతుంది. మే నెల మధ్యాహ్నం ఆ వంటగదిలో స్టవ్ దగ్గర నిలబడి చూసి అప్పుడు బేరం మొదలుపెట్టండి. అమ్మానాన్నల గది నుంచి బాత్రూమ్ ఎంత దూరం, మధ్యలో గడప ఉందా అన్నది అక్కడే చూడండి.

కుటుంబం హైదరాబాద్‌లో, గుంటూరులో, డాలస్‌లో చీలి ఉంటే ఆదివారం వీడియో కాల్‌కు కూడా ఆఖరి సీటు ఉంటుంది. ఎవరికి అర్ధరాత్రి అవుతోంది, ఎవరు తెల్లవారుజామున అలారం పెట్టుకుంటున్నారు? ప్రతి వారం ఒకరేనా? ఇక్కడ తీసేయడం కుదరదు, భూమి తిరగడం ఆగదు. నాలుగో మందు, వంతులు, ఇక్కడ బాగా పనిచేస్తుంది.

ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లకు టాయిలెట్ పక్క టేబుల్ ఇస్తారు. టీమ్ మొత్తం ఒక గదిలో ఉండి, ఒక్కరు మాత్రం ఫోన్ లైన్లో ఉంటే ఆ ఒక్కరిదే ఆఖరి సీటు. మీరు టీమ్ లీడర్ అయితే నెలకి ఒక మీటింగ్‌కు మీరే ఇంకో చోట నుంచి ఫోన్‌లో చేరండి. ఏ మాట వినబడుతుందో, ఏ నవ్వు మీకు అర్థం కాకుండా పోతుందో తెలుస్తుంది. ఆ తర్వాత మైకు కొనమని మీరే సంతకం పెడతారు.

ఈ పద్ధతి మీద ఒక ఆక్షేపణ రావచ్చు. ఎప్పుడూ చెడ్డ చోటు గురించే ఆలోచిస్తే మంచి చోటు మరీ మామూలుగా తయారవదా అని. అవుతుంది, కొంతవరకు. మల్టిప్లా డ్రైవర్‌కు రెండు సీట్ల మధ్య మోచేయి ఆనించుకునే విలాసం ఉండదు, పక్కన మనిషి ఉంటాడు. ముందు సీటువాడు కొంచెం వదులుకుంటేనే వెనక సీటువాడికి చోటు వస్తుంది. ఆ కొంచెం ఎంతో కొలిచి, తెలిసి వదులుకోవడం ఒక పద్ధతి. ఎవరికి ఎంత పోతోందో తెలియకుండా వెనకవాళ్ల నుంచి తీసుకోవడం ఇంకో పద్ధతి. ఇంటి పెద్ద అనే మాటకు అర్హత మొదటి దానితో వస్తుంది.

ఈ వారం సాధన

మీరు తీసుకోబోతున్న ఒక నిర్ణయం ఎంచుకోండి. కారే కానక్కర్లేదు, ఇల్లు మారడం, ఊరు వెళ్లడం, పిల్లల బడి మార్చడం, ఇంట్లో ఫంక్షన్, ఏదైనా సరే. ఒక కాగితం మీద అందులో ఉన్న మనుషులందరి పేర్లూ రాయండి. ఎవరి చోటు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉండబోతోందో ఆ పేరు చుట్టూ గీత గీయండి. పోయినసారి ఇలాంటి నిర్ణయంలో కూడా గీత ఆ పేరు చుట్టూనే పడేదా అని ఆలోచించండి. తర్వాత నాలుగు మందుల్లో ఏది కుదురుతుందో ఆ పేరు పక్కన రాయండి: తీసేయడం, బాగుచేయడం, అవసరమైనప్పుడే తెరవడం, వంతులు వేయడం. దానికి అయ్యే ఖరీదు, ఆ ఖరీదు ఎవరు భరిస్తారు అన్నది కూడా రాయండి. కాగితం పూర్తయ్యాక, గీత గీసిన పేరు గల మనిషికి దాన్ని చూపించండి. మీరు రాసింది సరైనదో కాదో చెప్పే అర్హత ఆ మనిషికే ఉంది.